కే2 ఉందంటే మరి కే1 ఎక్కడుంది?

పలాస_కుర్రోడు: గ్రూప్స్‌కి చదువుతున్నాను. ప్రపంచంలో ఎత్తులో రెండో శిఖరం కాబట్టే కే2 అన్నారని కోచింగ్‌లో చెప్పారు. అలాగైతే ఎవరెస్ట్‌ని కే1 అనాలి కదా, ఎవరూ అనట్లేదే? ఇంకో డౌట్, మన దేశంలో ఎత్తైన శిఖరం ఒక పుస్తకంలో కే2 అని ఉంది, ఇంకో దాంట్లో కాంచనగంగ అని ఉంది. పరీక్షలో ఏది పెట్టాలి?

మ్యాపుల_పిచ్చి: ఆ 2కీ ర్యాంకుకీ సంబంధం లేదు తమ్ముడూ, అలా కుదిరిందంతే. 1856లో సర్వే పనిమీద కాశ్మీర్‌లోని హరముఖ్ కొండెక్కిన మాంట్‌గొమరీ అనే బ్రిటిష్ సర్వే అధికారికి 200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో రెండు పెద్ద శిఖరాలు కనపడితే, వాటి బొమ్మ గీసుకుని, కారకోరం కొండలు కాబట్టి కే1, కే2 అని రాసుకున్నాడు. ఆ కే1 మషర్‌బ్రుమ్, 7,821 మీటర్లు. దాని వెనక ఎక్కడో ఉన్న కే2 ఏమో 8,611. కే3, కే4, కే5 కూడా ఉన్నాయి, అవన్నీ గాషర్‌బ్రుమ్ శిఖరాలే.

పలాస_కుర్రోడు: థాంక్స్ అన్నా. మరి వాటన్నిటికీ ఊరివాళ్ల పేర్లు దొరికితే దీనికే ఎందుకు దొరకలేదు?

చలికొండ: కనపడితే కదా పేరు పెట్టడానికి! ఆ దారిలో చివరి ఊరు అస్కోలే, అక్కడినుంచి చూస్తే కే2 ఆనవాలే ఉండదు. బాల్తోరో హిమానీనదం మీద రోజుల తరబడి నడిచి హిమానీనదాలు కలిసే కాంకార్డియా అనే చోటి దాకా పోతే, అప్పుడు ఎడమపక్క గాడ్విన్-ఆస్టెన్ హిమానీనదం చివర్లో మొత్తం కొండ ఒక్కసారిగా కనపడుతుంది. మేకలు కాసుకునేవాళ్లకి ఆ మంచులో ఏం పని? మషర్‌బ్రుమ్ అలా కాదు, హూషే లోయలో ఊళ్ల నెత్తిమీదే ఉంటుంది. చోగోరి అనే పేరు ఉంది గానీ, అది బయటివాళ్లు అక్కడి బాల్టీ భాష మాటలు అతికించి చేసిందేమో అని చాలామందికి అనుమానం. ఆ ప్రాంతాన్ని సర్వే చేసిన గాడ్విన్-ఆస్టెన్ పేరు పెడదామంటే రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఒప్పుకోలేదు. ఎవరెస్ట్‌కి మాత్రం 1865లో సర్వే మాజీ బాస్ పేరు పెట్టేశారు, పెద్దాఫీసర్లకి రూల్స్ వేరు మరి.

మ్యాపుల_పిచ్చి: రెండో డౌట్ సంగతి. కే2 ఉన్నది పాకిస్తాన్ చేతిలోని గిల్గిత్-బాల్టిస్తాన్, చైనా షింజియాంగ్ సరిహద్దులో. మన అధికారిక మ్యాపులో గిల్గిత్-బాల్టిస్తాన్ ఇండియాదే, అందుకే పుస్తకాల్లో ఈ తేడా. ప్రశ్నలో "భారత్ అధీనంలో ఉన్న" అని ఉంటే కళ్లు మూసుకుని కాంచనగంగ, 8,586 మీటర్లు. అలాంటి మాట లేకుండా ఆప్షన్లలో రెండూ ఇస్తే నేనైతే కే2 పెడతాను.