ముత్తాత 1931లో వశిష్ఠ గోదావరిలో పోయారు, శవ పంచనామా ఎక్కడ దొరుకుతుంది?

రాజోలు కుర్రాడు:

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర ఊరు. మా తాతగారి నాన్నగారు సఖినేటిపల్లి రేవులో పడవెక్కి నరసాపురం వెళ్తూ గోదావరిలో పడి చనిపోయారని ఇంట్లో చెబుతారు. ప్రజోత్పత్తి సంవత్సరం, అంటే 1931. పడవ తిరగబడలేదు, మిగతా వాళ్లంతా క్షేమంగా ఒడ్డుకి చేరారు, ఈయనొక్కరే పోయారు. మూడో రోజున శవం కిందెక్కడో నరసాపురం వైపు లంక దగ్గర తేలిందట. అప్పటికి మా తాతగారికి నాలుగేళ్లు.

మాకు మింగుడుపడనిది ఏమిటంటే, ఆ పడవలో ఆయనతో పాటు వరసకి తమ్ముడయ్యే ఒకాయన కూడా ఉన్నాడు. నోటు బాకీ తీర్చడానికి ముత్తాత డబ్బు మొలకి కట్టుకుని బయల్దేరారని, ఆ డబ్బు తర్వాత ఎవరికీ కనబడలేదని, ఆ తమ్ముడే తోసేశాడని మా తాతమ్మ పోయేదాకా అంటూనే ఉందట. అప్పట్నుంచి ఆ కుటుంబానికీ మాకూ రాకపోకలు లేవు, పెళ్లికి పిలుపు ఉండదు, చావుకి పలకరింపు ఉండదు. ఇప్పుడు వాళ్ల మనవడి కూతురూ మా చెల్లీ హైదరాబాదులో ఒకే ఆఫీసులో పనిచేస్తూ బాగా స్నేహమయ్యారు, ఇంట్లో పెద్దవాళ్లకి అదే పెద్ద టెన్షన్ అయిపోయింది. నాకు మాత్రం అసలు జరిగిందేమిటో తెలుసుకోవాలని ఉంది. తొంభై ఏళ్ల పైబడిన నింద ఇది, నిజమైతే నిజమని తెలియాలి, కాకపోతే ఆ మాట ఇక్కడితో ఆగాలి.

మా బావ ఇంగ్లండులో ఉంటాడు. అక్కడ తన స్నేహితుడొకడు వాళ్ల ముత్తాత బొగ్గుగనిలో ఎలా చనిపోయాడో పాత కరోనర్ (అసహజ మరణాల మీద విచారణ జరిపే అధికారి) విచారణ కాగితాల్లో సాక్షుల మాటలతో సహా చదివాడని చెప్పాడు. మన దగ్గర కూడా అలాంటివి ఉంటాయా? రాజోలులోనూ అమలాపురంలోనూ ఆఫీసుల్లో అడిగితే అంత పాతవి లేవన్నారు.

రిటైర్డ్ డీటీ (డిప్యూటీ తహసీల్దారు), నరసాపురం:

బాబూ, కరోనర్ అనే అధికారి మన గోదావరి జిల్లాల్లో ఎప్పుడూ లేడు. 1871 నాటి కరోనర్ల చట్టం కలకత్తా, బొంబాయి లాంటి మహానగరాల కోసం చేసింది. మన పల్లెల్లో ఆ పని 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్ కింద పోలీసులు చేసేవాళ్లు, మద్రాసు ప్రెసిడెన్సీలో అయితే ఊరి మునసబు కూడా విచారణ జరిపి మేజిస్ట్రేటుకి రిపోర్టు పంపే వీలుండేది. అందుకని శవ పంచనామా అనో, ఇంక్వెస్టు రిపోర్టు అనో అడుగు, కరోనర్ అంటే ఏ గుమస్తాకీ బోధపడదు.

ఇక అసలు సంగతి. నువ్వు వెతుకుతున్నది తప్పు ఒడ్డున. పంచనామా చనిపోయినవాడి సొంత ఊళ్లో రాయరు, శవం ఎక్కడ ఉంటే అక్కడికి వెళ్లి, ఆ చుట్టుపక్కల పెద్దమనుషుల్ని (పంచాయతీదార్లంటారు) కూర్చోబెట్టి, వాళ్ల ఎదుట రాస్తారు. శవం నరసాపురం వైపు తేలిందన్నావు కాబట్టి అది నరసాపురం తాలూకా వ్యవహారం. 1931 నాటికి రాజోలు తూర్పు గోదావరి, నరసాపురం పశ్చిమ గోదావరి, మధ్యలో వశిష్ఠ. ఆ రిపోర్టు మీద పోలీసు అధికారీ పంచాయతీదార్లూ సంతకాలు పెట్టాక జిల్లా మేజిస్ట్రేటుకో సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకో వెంటనే పంపాలని సెక్షన్లోనే ఉంది. అమలాపురం డివిజన్ వాళ్లు లేవన్నారంటే అందులో వింత లేదు, అక్కడికి ఆ కాగితం రానే రాదు.

ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నాను, ఈ జిల్లా సరిహద్దుల దగ్గర చాలామంది తికమకపడతారు. నరసాపురం, భీమవరం, తణుకు, ఏలూరు తాలూకాలు 1904 దాకా గోదావరి జిల్లాలో ఉండేవి, ఆ తర్వాత 1925 దాకా కృష్ణా జిల్లాలోకి వెళ్లాయి, 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడింది. అంటే 1915లో భీమవరంలో పోయిన మనిషి కోసం కాకినాడలో కూర్చుంటే లాభం లేదు, కృష్ణా జిల్లా రికార్డు చూడాలి. అమలాపురం, రాజోలు మాత్రం అప్పుడు గోదావరి జిల్లాలోనే ఉండిపోయాయి.

పంచనామా దొరక్కపోతే చావుల రిజిస్టరు చూడు. 1899 మద్రాసు చట్టం కింద మునసబులు జనన మరణాలు రాసేవాళ్లు. 1984లో మునసబు, కరణం ఉద్యోగాలు రద్దయినప్పుడు ఊళ్లలోని పుస్తకాలన్నీ తాలూకా ఆఫీసులకి చేరాయి, కొన్ని మాత్రం పాత మునసబుగారి అటక మీదే ఉండిపోయాయి, ఇది నేను కళ్లారా చూసిందే. అందులో చావుకి కారణం రాసే గడి ఉంటుంది. కలరా, మశూచి, జ్వరం, విరేచనాలు, గాయాలు ఇలా ఉంటాయి. నీళ్లలో పడినవాళ్లని గాయాల్లోనే చూపేవారు, అందుకని గాయం అని కనబడగానే ఎవరో కొట్టి చంపారని అనుకోకు.

ఒక్కటి మాత్రం మీకు కలిసొచ్చే సంగతి. పంచాయతీదార్లు ఆ ఒడ్డు వాళ్లు. మీ ఇంటి గొడవలేమిటో వాళ్లకి తెలియవు, ఎవర్నీ కాపాడాల్సిన పనీ లేదు. సొంత ఊళ్లో రాసిన పంచనామా కన్నా దీన్ని నేనెక్కువ నమ్ముతాను.

లాయరు, అమలాపురం:

డీటీగారు చెప్పింది అక్షరాలా నిజం. కోర్టు వైపు సంగతి నేను కలుపుతాను.

ప్రమాదమే అని తేలితే ఆ ఫైలు అక్కడితో మూసేసేవారు. అలాంటివి గడువు తీరాక తగలబెట్టేవాళ్లు కాబట్టి దొరికే అవకాశం తక్కువ, ముందే గుండె దిటవు చేసుకోండి. అనుమానం వచ్చి కేసు పెట్టి ఉంటే మాత్రం సెషన్స్ కోర్టు రిజిస్టర్లో పేరు ఉండాలి, శిక్ష పడి అప్పీలుకి వెళ్లి ఉంటే మద్రాసు హైకోర్టు దాకా జాడ ఉంటుంది. ఆ కుటుంబంలో ఎవరైనా అరెస్టయ్యారని మీ పెద్దవాళ్లు ఎప్పుడైనా అన్నారా? అనలేదంటే, అంత కోపంలో ఉన్న తాతమ్మగారు కూడా ఆ మాట అనలేదంటే, కేసు నడవలేదనే అనుకోవాలి.

పెద్ద కేసులైతే లా రిపోర్టుల్లో (అచ్చయిన కోర్టు తీర్పుల సంపుటాల్లో) మనుషుల మాటలు కూడా బతికుంటాయి. పిఠాపురం దివాన్ దగ్గర బంట్రోతుగా పనిచేసినాయన 1937 మార్చిలో తనకి రావలసిన డబ్బు కోసం బరంపురం బయల్దేరాడు. కొద్దిరోజులకే పూరీ స్టేషన్లో రైలు పెట్టెలో ఒక ఇనప ట్రంకులో ఆయన శవం దొరికింది. పాకాల నారాయణస్వామి కేసు అని లా చదివిన ప్రతివాళ్లకీ తెలుసు, 1939లో లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. బయల్దేరే ముందు ఆయన భార్యతో ఏమన్నాడన్నది ఆ తీర్పులో ఇప్పటికీ చదువుకోవచ్చు. చనిపోయినవాడు బతికుండగా అన్న మాటని కోర్టు ఎప్పుడు సాక్ష్యంగా తీసుకుంటుందో చెప్పడానికి దాన్ని ఇవాళ్టికీ ఉదహరిస్తాం.

మీరు చెయ్యాల్సింది, నరసాపురం ఆర్డీవో ఆఫీసుకి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. 2005 చట్టం 8(3) సెక్షన్ ప్రకారం ఇరవై ఏళ్లు దాటిన విషయాల్ని చాలావరకు దాచడానికి వీల్లేదు. ఇక ఆర్కైవ్స్ సంగతి, మద్రాసు ప్రభుత్వం దాకా వెళ్లిన ఫైళ్లయితే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి, కానీ ఒక రైతు గోదావరిలో పడితే అంతదూరం ఫైలు వెళ్లదు, అక్కడికి పరుగెత్తకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, నోటు బాకీ అన్నారు కదా, ఆ ప్రామిసరీ నోటు ఏమైంది? బాకీ తీరితే వెనకాల చెల్లు రాసి, తేదీ వేసి నోటు తిరిగిచ్చేస్తారు. తీరకపోతే అప్పిచ్చినవాడు మీ కుటుంబం మీద దావా వేసి ఉండాలి, అప్పుడు మునసబు కోర్టు (ఊరి మునసబు కాదు, సివిల్ కోర్టు) దావా రిజిస్టర్లో అది కనబడాలి. డబ్బు ఏమైందన్న దానికి పంచనామా కన్నా ఆ నోటే సరైన సాక్ష్యం.

పాలకొల్లు ఆడపడుచు:

అన్నయ్యా, మా ఇంట్లో ఇలాంటిదే ఒక కాగితం ఉంది కాబట్టి చెబుతున్నాను. మా అమ్మమ్మ అక్కగారు పెళ్లయిన కొత్తలో కాలవలో పడి పోయింది. పంచనామా అసలు ఎక్కడుందో తెలియదు కానీ, తర్వాత ఆస్తి పంపకాల దావాలో దాని నకలు దాఖలు చేశారు, ఆ కట్ట మా పెదమావయ్య ట్రంకు పెట్టెలో దొరికింది. గొలుసుకట్టు రాత, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఊళ్లో పెద్ద కరణంగారి అబ్బాయి చదివిపెట్టారు.

శవం తల ఏ దిక్కుకి ఉంది, కళ్లు మూసుకున్నాయా తెరుచుకున్నాయా, చీర రంగేమిటి, ఒంటి మీద గాట్లు ఉన్నాయా, చివరిసారి ప్రాణంతో ఎవరు చూశారు, అన్నీ రాశారు. ఎడమ చేతికి మట్టిగాజులు మూడు, కుడిచేతికి ఒక్కటే, కొంగు చివర ముడిలో రెండణాలు, ఒక పోకచెక్క. ఆవిడ ఎలా ఉండేదో చెప్పే ఫోటో ఒక్కటీ మా ఇంట్లో లేదు, ఆ పోకచెక్క దగ్గరికి వచ్చేసరికి మా అమ్మ ఇక చదవొద్దంది. తనే దూకిందా, కాలు జారిందా అన్నది మాత్రం అందులో తేలలేదు. పంచాయతీదార్ల అభిప్రాయం అని ఒక్క వాక్యం రాశారు, కాలు జారి పడినట్టు అనుకుంటున్నామని. సంతకాల్లో ఒకాయన ఆవిడ మామగారికి తమ్ముడు. డీటీగారన్నట్టు ఎవరు సంతకం పెట్టారో కూడా చదవాలి.

మీకు దొరికితే ముందు ఒంటి మీద దొరికిన వస్తువుల సంగతి చూడండి. మొలకి కట్టిన డబ్బు శవంతో పాటు దొరికి ఉంటే అక్కడ రాసి తీరతారు.

కోనసీమ కాగితాలు:

ఇంగ్లండు కరోనర్ కాగితాలు కూడా అన్నీ లేవండి, అక్కడా చాలావరకు ఏరి పారేశారు, మిగిలినవి ఆయా కౌంటీ ఆర్కైవుల్లో ఉన్నాయి. అక్కడివాళ్లు ఎక్కువగా ఆధారపడేది ఊరి వార్తాపత్రికల మీదే, విచారణలో ఎవరేమన్నారో విలేకరి కూర్చుని రాసుకునేవాడు. మనం చెయ్యగలిగిందీ అదే. ఆంధ్రపత్రిక 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వచ్చింది, కృష్ణాపత్రిక బందరు నుంచి వారపత్రిక. ప్రెస్ అకాడమీ ఆర్కైవ్స్‌లో పాత సంచికలు ఇంటర్నెట్లో పెట్టారు, లేనివాటి కోసం రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో అడగండి.

తేదీ తెలియకపోతే మాత్రం సముద్రంలో ఈదినట్టే. తద్దినం ఏ తిథికి పెడతారు?

రాజోలు కుర్రాడు:

అందరికీ చాలా థాంక్సండి. మా మేనత్తని అడిగాను, శ్రావణ బహుళ పంచమి అంది. ఎవరూ అరెస్టయిన మాట ఎప్పుడూ వినలేదట.

కోనసీమ కాగితాలు:

అయితే 1931 సెప్టెంబరు మొదటివారం, వరదల రోజులు. ఆ తిథి పడవలోంచి పడిన రోజుదా, శవం దొరికిన రోజుదా అన్నది మీ పురోహితుల కుటుంబాన్ని అడగండి, రెంటికీ రెండు రోజుల తేడా ఉంది కదా. పేపర్లో ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబరు 20 దాకా చూడండి, వార్త మద్రాసు చేరి అచ్చయ్యేసరికి ఆలస్యమయ్యేది. ఇంకొకటి, గాంధీగారు రౌండ్ టేబుల్ సమావేశానికి ఆగస్టు 29న బొంబాయిలో ఓడెక్కారు, ఆ రోజుల్లో మొదటి పేజీలన్నీ ఆ ప్రయాణమే. మీ వార్త ఉంటే లోపలి పేజీల్లో నరసాపురం అనో రాజోలు అనో చిన్న శీర్షిక కింద నాలుగు వరుసలు ఉంటుంది. హెడ్డింగులు చూసి తిప్పేయకండి, ఊరి పేర్లు పట్టుకుని చదవండి.

రాజోలు కుర్రాడు:

అలాగే చేస్తానండి. పురోహితులుగారి అబ్బాయి ఇప్పుడు అంతర్వేదిలో ఉంటున్నారు, ఆయన్ని కలుస్తాను. ఆర్డీవో ఆఫీసుకి అర్జీ ఈ వారమే పెడుతున్నాను. లాయరుగారు నోటు సంగతి అడిగాక అత్తకి ఒకటి గుర్తొచ్చింది, తాతమ్మ రేకు డబ్బాలో స్టాంపు అంటించిన కాగితాలు రెండు మూడు దాచుకునేదట, ఆ డబ్బా పెదనాన్నగారింట్లో ఉంది. ఆయనకి ఈ విషయం ఎత్తితేనే కోపం వస్తుంది, అయినా అత్తని తోడు తీసుకుని ఆదివారం వెళ్తున్నాను. నోటు దొరికితే వెనకవైపు ఫోటో తీసి ఇక్కడ పెడతాను, డీటీగారూ, ఆ రాత చదివిపెడుదురుగాని.

రిటైర్డ్ డీటీ, నరసాపురం:

తప్పకుండా పెట్టు బాబూ. ముందువైపు కూడా తియ్యి, సాక్షుల సంతకాలు అక్కడే ఉంటాయి. ఆ తమ్ముడి సంతకం కూడా అందులో ఉందేమో చూడు.