చీటీ లేకుండా మందులమ్మడం ఆపాల్సిందేనా?

కర్నూలోడు:
మా నాయనకు విరేచనాలైతే వీధి చివర మెడికల్ షాపులో నాలుగు మాత్రలు తెచ్చిచ్చాను. రాత్రికే కింది పెదవి మండింది. తెల్లారేసరికి నల్లగా బొబ్బ. పోయినేడు కూడా సరిగ్గా అదే చోట వచ్చి మానింది, మచ్చ మిగిలింది. అప్పుడు వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు తాగించాం. ఈసారి చర్మం డాక్టరు చూడగానే మందు పడలేదన్నారు, అదే మందు మళ్లీ వేస్తే మళ్లీ అక్కడే లేస్తుందట. ఏ మందు అని అడిగితే నేను నోరు తెరవలేకపోయాను. షాపాయన స్ట్రిప్పును కత్తెరతో కోసిచ్చాడు, పేరున్న ముక్క ఆయన దగ్గరే ఉండిపోయింది. ఈ అమ్మకాలు ఆపాల్సిందే.

ఉరవకొండ పక్కపల్లె:
ఆపితే మేమెక్కడికి పోవాలన్నా? డాక్టరు కోసం అనంతపురం పోతే బస్సు చార్జీతో పాటు ఆ రోజు కూలీ పాయె. అయినా చీటీ ఉంటే రియాక్షన్ రాదా? మా చిన్నమ్మకు మూర్ఛకని డాక్టరే కార్బమజెపిన్ రాశారు. మూడో వారంలో జ్వరం, కళ్లు ఎర్రబడ్డాయి, నోరంతా పుండ్లు, తర్వాత ఒంటి మీద చర్మం ఊడింది. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అన్నారు. చీటీ ఉంది, బిల్లుంది, అన్నీ ఉన్నాయి.

కడప షాపు:
మెడికల్ షాపు నాదే, తిట్టేముందు వినండి. షెడ్యూల్ హెచ్ మందు చీటీ లేకుండా ఇవ్వకూడదని రూలు ఎప్పుడో ఉంది. 2014 నుంచి, ఇంకా కట్టడి ఎక్కువున్న హెచ్1 జాబితా మందులకైతే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఎంతమంది రాస్తున్నారంటారా, ఆ మాట వదిలేయండి. రెండు మాత్రలే కొయ్యమని అడిగేదీ మీరే కదా! నన్నడిగితే అమ్మకం కన్నా చెప్పకపోవడమే పెద్ద తప్పు. మందు వికటిస్తే నమోదు చేసే కేంద్ర పథకం 2010లోనే మొదలైంది. 1800-180-3024కు రోగి ఇంటివాళ్లే ఫోన్ చేయొచ్చు, ఫారం తెలుగులోనూ ఉంది. చిన్నమ్మ సంగతి ఎవరైనా చెప్పారా?

ఉరవకొండ పక్కపల్లె:
లేదు. ఆ టెన్షన్‌లో మనిషి బతికితే చాలనుకున్నాం. కానీ ఆ మందు పేరు మాత్రం ఆమె ఆధార్ జిరాక్స్ వెనకాల రాసిపెట్టాం, ఏ ఆసుపత్రికి పోయినా ముందు అదే చూపిస్తాం.

కర్నూలోడు:
నంబరు రాసుకున్నాను. ఫోన్ చేస్తే మొదట అడిగేది మందు పేరే కదా! పొద్దున షాపుకెళ్లి అడిగాను. "ఆరోజు ఏ కంపెనీది ఇచ్చానో గుర్తులేదన్నా" అన్నాడు.