యూనివర్సిటీ వీసీలు (వైస్ ఛాన్సలర్లు) విదేశాలు తిరిగితే మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఒరిగేదేమిటి?

బాలాజీకాలనీవాసి:
తిరుపతిలో యూనివర్సిటీలకు కొదవలేదు. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ), 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, సంస్కృత, వేద, వెటర్నరీ యూనివర్సిటీలు, ఏర్పేడు వైపు ఐఐటీ, సైన్స్ చదువుల ఐసర్. ఇన్ని ఉన్నా "మా ఊరికి ఫలానా యూనివర్సిటీ వాళ్లు వచ్చి ఈ పని చేసిపెట్టారు" అనే మాట చుట్టుపక్కల మండలాల్లో అరుదుగా వింటాం. పేపర్లో మాత్రం వీసీలు విదేశీ బృందాలతో ఎంఓయూలు (ఒప్పందాలు) చేసుకున్న వార్తలు తరచూ వస్తుంటాయి. రాష్ట్ర యూనివర్సిటీ వీసీకి ఉండేది మూడేళ్లు. ఖాళీ పోస్టులు, హాస్టళ్లు, కోర్టు కేసులు, యూనివర్సిటీలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ తనిఖీ చూసుకునేసరికే చాలా కాలం పోతుంది. మిగిలింది ఊళ్లకివ్వాలా, విదేశాలకివ్వాలా? నేనైతే ఊళ్లకే అంటాను.

పాకాల అమ్మాయి:
అన్నా, ఈ రెండింటికీ పోటీ పెట్టడం దగ్గరే నాకు పేచీ. మా మండలంలోనే పై వాతావరణాన్ని పరిశీలించే గాదంకి ఎంఎస్‌టీ రాడార్ ఉంది. పై గాలులు, రుతుపవనాలు, ఉరుముల మబ్బుల మీద అక్కడ వచ్చే డేటా కోసం ఎస్వీయూ ఫిజిక్స్ వాళ్లు ప్రత్యేకంగా ఒక కేంద్రమే పెట్టుకున్నారు. బయటి దేశాల శాస్త్రవేత్తలు మనవాళ్లతో కలిసి పనిచేశారంటే, ఉష్ణమండలంలో అలాంటి రాడార్లు తక్కువ కాబట్టే. మన దగ్గర ఉన్నదాని కోసం వాళ్లు వస్తే ఆ సంబంధం నిలుస్తుంది. వీసీ బయటికి వెళ్లి చెప్పకపోతే మన దగ్గర ఏముందో వాళ్లకెలా తెలుస్తుంది?

తోతాపురి రైతు కొడుకు (బంగారుపాళ్యం):
చెల్లీ, రాడార్ సంగతి మంచిదే, కాదనను. మా సంగతి కూడా వినండి. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోతే ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని చెప్పింది, 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ప్రభుత్వం ఇస్తుందని. ఆ సీజన్లో పల్ప్ (మామిడి గుజ్జు) ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు ఎంతెంత దూరం నిలబడ్డాయో ఈ జిల్లాలో అందరూ చూశారు. మన పల్ప్ కొనేది గల్ఫ్, యూరప్ దేశాల వాళ్లు. వాళ్లు పురుగుమందుల అవశేషాలు ఎంతవరకు ఒప్పుకుంటారు, ఎలాంటి ప్యాకింగ్ అడుగుతారు, ఈ తోతాపురితో పల్ప్ కాకుండా ఇంకేం చేయొచ్చు, ఇవన్నీ యూనివర్సిటీ చూడాల్సిన పనులే. ఒక వీసీ నెదర్లాండ్స్‌కో జర్మనీకో వెళ్లి ఫుడ్ టెక్నాలజీ డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడి, మా పంట మీద పనిచేసే ఇద్దరు పిల్లల్ని అక్కడ ట్రైనింగ్‌కు పంపి, వాళ్లు తిరిగొచ్చాక మా మండీలో కూర్చోబెడితే ఆ ప్రయాణానికయ్యే ఖర్చు గురించి నేను ఒక్క మాట అనను. ఇప్పటిదాకా మా దగ్గరికి అలా వచ్చినవాళ్లు లేరు. అందుకే నా ఓటు బాలాజీకాలనీ అన్నకే.

పాత విద్యార్థిని:
నేను పీజీ చేసిన చోట (పేరు వద్దు) ఒక విదేశీ యూనివర్సిటీతో ఒప్పందం ఉందని అడ్మిషన్లప్పుడు గొప్పగా చెప్పారు. ఒక సెమిస్టర్ అక్కడ చదవొచ్చని ఎంతో ఆశపడ్డాను. తీరా అడిగితే అక్కడ చదివినదానికి వచ్చే క్రెడిట్లు ఇక్కడి కోర్సులో ఎలా కలుపుతారో, వీసా ఖర్చు ఎవరిదో ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. సంతకం పెట్టిన వీసీ అప్పటికే దిగిపోయారు. ఆ టెన్షన్‌లోనే కోర్సు అయిపోయింది.

రిటైర్డ్ ప్రొఫెసర్:
అమ్మా, మీకు జరిగింది చాలా చోట్ల జరుగుతోంది, దానికి కారణం ఉంది. న్యాక్ మూడో విభాగంలో పరిశోధన, ఎక్స్‌టెన్షన్ (ఊళ్లలో చేసే పని), ఒప్పందాలు అన్నీ కలిపి మార్కులు వేస్తూ వచ్చారు. ఎంఓయూ అయితే కాగితం చూపించి లెక్క చెప్పొచ్చు, ఊళ్లో చేసిన పనికి అంత తేలిగ్గా లెక్క రాదు. దాంతో యూనివర్సిటీలు తేలికైన దానివైపే మొగ్గాయి. ఊళ్ల పని ఏడు రోజుల ఎన్ఎస్ఎస్ క్యాంపుతో, కేంద్ర పథకం ఉన్నత్ భారత్ అభియాన్ కింద దత్తత తీసుకున్న ఐదు ఊళ్ల పేర్లతో ఆగిపోతోంది.

నిబంధనలు మాత్రం అడ్డు కాదు. యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం న్యాక్‌లో 3.01 స్కోరున్న సంస్థ, ప్రపంచ ర్యాంకుల్లో మొదటి వెయ్యిలో ఉన్న విదేశీ సంస్థతో యూజీసీ ముందస్తు అనుమతి లేకుండానే కలవొచ్చు. ట్విన్నింగ్‌లో, అంటే కోర్సులో కొంత భాగం అక్కడ చదివే పద్ధతిలో, 30 శాతం దాకా క్రెడిట్లు అక్కడ తెచ్చుకోవచ్చు. లేనిది ఆ పని చూసే మనిషి. అంతర్జాతీయ వ్యవహారాల డీన్‌కు పాఠాలూ, పరీక్షల డ్యూటీలూ అన్నీ ఉంటాయి, ఒక క్లర్కు కూడా ఉండరు. వీసీ ముందు ఆ ఆఫీసును నిలబెట్టాలి, ప్రయాణం తర్వాత. వీసీ మారినా ఆ ఫైలు కదలాలి కదా.

శ్రీకాళహస్తి వాడు:
సార్ చెప్పిన ఆఫీసు ఉంటే ఏం చేయొచ్చో ఒకటి చెప్తా. ఎస్వీయూ ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాలు ఉన్నాయి. బ్రిటిష్ లైబ్రరీ నడిపే ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ లాంటివి పాత ప్రతుల డిజిటైజేషన్‌కు గ్రాంట్లు ఇస్తాయి, అసలు ప్రతులు దేశం దాటక్కర్లేదు. మా ఊరి కలంకారీ పనివాళ్ల సహజ రంగుల మీద కూడా ఇలాగే చేయొచ్చు. సత్యవేడు దగ్గర శ్రీసిటీలో ఇసుజు, కోబెల్కో లాంటి జపాన్ కంపెనీలున్నాయి, మన పిల్లలకు జపనీస్ నేర్పడానికి టోక్యో దాకా వెళ్లక్కర్లేదు, ఇంటి దగ్గరే మొదలుపెట్టొచ్చు.

బాలాజీకాలనీవాసి:
అందరివీ చదివాను. సార్, ఆఫీసు పెట్టినా దేని మీద ఒప్పందం చేసుకోవాలో నిర్ణయించేది ఎవరు? నాకు అక్కడే అనుమానం. పాలకమండలిలో ఒక మామిడి రైతుకో, ఒక కలంకారీ పనిచేసే ఆవిడకో చోటు లేనంతవరకు వీసీకి తెలిసిన యూనివర్సిటీతో, వీసీ సబ్జెక్టు మీదే ఒప్పందం జరుగుతుంది. ప్రతి ఎంఓయూలో ఇక్కడి ఏ సమస్య కోసమో, ఎవరు బాధ్యులో, ఏడాదికి ఎంత డబ్బో రాసి వెబ్‌సైట్లో పెట్టాలి. అది రాయలేకపోతే సంతకం వద్దు.

పాకాల అమ్మాయి:
అన్నా, ఆ షరతు పెడితే గణితం, తత్వశాస్త్రం, భాషాశాస్త్రం చదివేవాళ్ల గతేంటి? ఇక్కడి సమస్య చూపించలేదని వాళ్లకు బయటి తలుపులు మూసేస్తామా? బాధ్యులెవరో, డబ్బెంతో రాయమనండి, ఒప్పుకుంటా. మొదటి షరతు మాత్రం ఒప్పుకోను.

తోతాపురి రైతు కొడుకు (బంగారుపాళ్యం):
చెల్లీ, గణితం వాళ్లను ఆపమని ఎవరూ అనలేదు. పది ఒప్పందాల్లో ఒకటైనా మా పంట మీద ఉండాలంటున్నాం. ఏ వీసీ అయినా వచ్చే జూన్‌లో కోతలప్పుడు మా మండీకి రమ్మనండి, అడగాల్సినవి మేమే రాసిస్తాం.