పాఠం మధ్యలో హిమోగ్లోబిన్ అణువును తిప్పి చూపడం ఎలా?

ప్రశ్న (డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు):
నమస్కారం. వచ్చే వారం బీఎస్సీ విద్యార్థులకు సికిల్ సెల్ రక్తహీనత (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారే వంశపారంపర్య జబ్బు) పాఠం చెప్పాలి. వారిలో కొందరు ఏజెన్సీ గ్రామాల పిల్లలు కనుక ఈ జబ్బు పేరు వారికి కొత్త కాదు. హిమోగ్లోబిన్‌లోని బీటా అనే ప్రోటీన్ గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లానికి బదులు వాలీన్ అనే మరో అమైనో ఆమ్లం చేరితే హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి ఎందుకు అతుక్కుంటాయో చదునైన బొమ్మతో ఎంత చెప్పినా వారికి అందడం లేదు. పవర్‌పాయింట్ నడుస్తుండగానే అణువును తిప్పి, కావలసిన చోటును దగ్గరగా చూపే మార్గం ఉందా? తరగతి గదిలో ఇంటర్నెట్‌ను నమ్ముకోలేను.

జవాబు 1:
మేడమ్, అణువులను త్రీడీలో చూపే, ఇంటర్నెట్ లేకుండా పనిచేసే పైమాల్ అనే సాఫ్ట్‌వేర్ మీకు సరిపోతుంది. ప్రోటీన్ల త్రీడీ నిర్మాణాలను భద్రపరిచే ఆన్‌లైన్ భాండాగారమైన ప్రోటీన్ డేటా బ్యాంకులో 2హెచ్‌బీఎస్ అన్న సంకేతంతో, ఆక్సిజన్ వదిలిన స్థితిలోని సికిల్ హిమోగ్లోబిన్ నిర్మాణం ఉంది. దాన్ని ఇంటి దగ్గరే దించుకోండి. అందులో రెండు అణువులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, ఒకదాని వాలీన్ పొరుగు అణువు బీటా గొలుసులోని 85వ స్థానంలోని ఫినైలలనీన్, 88వ స్థానంలోని లూసీన్ అనే అమైనో ఆమ్లాల దగ్గరి గుంటలో ఒదిగిన తీరును నేరుగా చూపవచ్చు. మొత్తం అణువు, బీటా గొలుసు, ఆరో స్థానం, ఆ గుంట అనే నాలుగు దృశ్యాలను సీన్లుగా భద్రపరచుకుంటే, పేజ్ డౌన్ నొక్కినప్పుడల్లా అణువు మెల్లగా తిరిగి తరువాతి దృశ్యానికి చేరుతుంది. స్లైడ్ల నుంచి అక్కడికి ఆల్ట్ ట్యాబ్‌తో వెళ్లండి. మౌస్‌తో మాత్రం ఇష్టం వచ్చినట్టు తిప్పకండి, ఎటు తిరుగుతోందో తిప్పేవారికి తెలుస్తుంది గానీ వెనుక బల్లలో కూర్చున్న విద్యార్థికి తెలియదు.

జవాబు 2:
పవర్‌పాయింట్ దాటకూడదనుకుంటే, పైమాల్ లాంటిదే అయిన కైమెరాఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో నిర్మాణాన్ని తెరిచి జీఎల్‌బీ అనే త్రీడీ నమూనా ఫైలుగా భద్రపరచి, ఇన్సర్ట్‌లోని త్రీడీ మోడల్స్ ద్వారా స్లైడులో పెట్టవచ్చు. ఆఫీస్ 2019 గానీ ఆ తరువాతిది గానీ, 365 గానీ ఉండాలి. రెండు స్లైడ్లలో అదే నమూనాను వేర్వేరు కోణాల్లో ఉంచి, ఒక స్లైడు నుంచి మరోదానికి మెల్లగా మార్చే మార్ఫ్ ట్రాన్సిషన్ ఇస్తే దానంతట అదే తిరుగుతుంది. ఫైలు బరువెక్కకుండా అణువు ఉపరితలం బదులు ప్రోటీన్ గొలుసును పట్టీలా చూపే రిబ్బన్ రూపం ఎంచుకోండి. అయితే అక్కడికి వచ్చేది ఆకారం మాత్రమే. పరమాణువు మీద నొక్కి పేరు చూపడం, దూరం కొలవడం కుదరవు. మీ పాఠానికి ఆ గుంటే ప్రాణం కనుక నేనైతే పైమాల్‌నే ఎంచుకుంటాను.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పైమాల్‌లో నాలుగు సీన్లూ సిద్ధం చేశాను. ప్రొజెక్టర్ మీద నల్లని నేపథ్యంలో రిబ్బన్లు మసకగా కనిపించడంతో తెల్లని నేపథ్యానికి మార్చి, వాలీన్‌ను మాత్రమే ముదురు ఎరుపులో ఉంచాను. పోలిక కోసం మామూలు హిమోగ్లోబిన్ 4హెచ్‌హెచ్‌బీని కూడా అదే కోణంలో ఐదో సీన్‌గా చేర్చుతున్నాను.