అమ్మ మతిమరుపు వయసువల్లేనా? మీ ఇళ్లలో ఎలా మొదలైంది?

సుధ_వరంగల్
అమ్మకు 71. ఏడాదిగా తేడా తెలుస్తోంది. పొద్దున ఫోన్‌లో చెప్పిన సంగతే సాయంత్రం మళ్లీ కొత్తగా చెబుతుంది. ఈ ఎండాకాలం ఆవకాయ కలుపుతూ, ఉప్పు వేశానా లేదా అని చెయ్యి ఆపేసి మా మొహాలు చూసింది. ఎప్పుడూ చేతి అంచనాతోనే కలిపే మనిషి! మిగతా పనులన్నీ తనే చేసుకుంటుంది, పాల లెక్క కూడా తప్పదు. నాన్న ‘వయసు మీద పడితే మామూలే’ అంటారు. చెల్లి అల్జీమర్స్ అని ఏడుస్తోంది. నాకు టెన్షన్‌గా ఉంది.

కోనసీమ_రవి
సుధ గారూ, మా నాన్నగారికీ అచ్చం ఇలాగే మొదలైంది. న్యూరాలజిస్టుకు చూపించాం. జ్ఞాపకశక్తి వయసుకు మించి తగ్గింది గానీ తన పనులు తను చేసుకుంటున్నారు కాబట్టి డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి, రోజువారీ పనులకూ అడ్డొచ్చే మతిమరుపు జబ్బు) అనలేం, దీన్ని మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అంటారని చెప్పారు. కొందరిలో అది డిమెన్షియాకు దారితీస్తుంది, కొందరిలో ఏళ్లతరబడి అలాగే ఉండిపోతుంది, కొందరు మామూలైపోతారు కూడా. రక్తపరీక్షలో విటమిన్ బి12 బాగా తక్కువని తేలింది. నాన్న పూర్తి శాకాహారి, పైగా షుగర్‌కు ఎన్నో ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. రెండూ బి12ను తగ్గించేవే. ఇంజెక్షన్లు పడ్డాక కొన్ని నెలలకు మనిషిలో చురుకు వచ్చింది. పేర్లకు మాత్రం ఇప్పటికీ తడుముకుంటారు. అమ్మగారికి బి12, థైరాయిడ్ చేయించారా?

నర్సు_పద్మ
డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకెళ్లండి, షాపులో అడిగి కొన్నవి కూడా. నిద్రమాత్రలు, జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, మూత్రం ఆగకపోతే ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ లాంటివి పెద్దవాళ్లలో మతిమరుపు పెంచుతాయి. అలాగని మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. చెవులు కూడా పరీక్ష చేయించండి. సరిగా వినపడని మాట గుర్తుండదు కదా. డిప్రెషన్‌లో ఉన్నా ఇలాగే కనిపిస్తుంది.

ఇంకొకటి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కసారిగా తికమక పడుతుంటే అది ఈ మతిమరుపు కాదు. ఇన్ఫెక్షన్ కావచ్చు, సోడియం పడిపోయి ఉండొచ్చు, పక్షవాతం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

శ్రీను_పాతబస్తీ
మా అమ్మ బడికి వెళ్లలేదు. ఒక క్లినిక్‌లో కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గీయమన్నారు. పెన్ను పట్టని చెయ్యి, వణికింది. మార్కులు తక్కువ వచ్చాయని ఆ రాత్రి అన్నం తినలేదు. దయచేసి పెద్దవాళ్ల చదువు ఎంతో ముందే చెప్పి, తెలుగులో, వాళ్లకు తగ్గ పరీక్ష అడగండి. అలాంటివి ఉన్నాయి. మన నిమ్స్‌లో డిమెన్షియా ఉన్న 648 మందిని చూసి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని, చదువురానివాళ్లలోనూ తేడా ఉందని తేలింది. అమ్మ ఇరుగుపొరుగుతో ఉర్దూలో గలగలా మాట్లాడుతుంది. రోజూ మాట్లాడనిస్తున్నాం.

డల్లాస్_లక్ష్మి
నాలాగా దూరంగా ఉన్నవాళ్లకు: ఫోన్‌లో పది నిమిషాలు అందరూ బాగానే మాట్లాడతారు. పక్కింటివాళ్లను అడగండి. కరెంటు బిల్లు రెండుసార్లు కట్టడం, ఓటీపీ ఎవరికో చెప్పేయడం, ఇలాంటివే ముందు బయటపడతాయి. బ్యాంకు, నామినీ పనులు వాళ్లు తమంతట తాము నిర్ణయం చెప్పగలిగినప్పుడే, వాళ్లను కూర్చోబెట్టుకుని చేయండి. ఇండియాలో పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567, ఉచితం.

సుధ_వరంగల్
అందరికీ చాలా థ్యాంక్స్. పరీక్షలకు సోమవారం వెళ్తున్నాం. అప్పటిదాకా వంట మాన్పించమంటారా?

కోనసీమ_రవి
వద్దండీ. చేతిలో పని లాగేసుకుంటే మనిషి ఇంకా కుంగిపోతారు. ఆవకాయకు కారం, ఉప్పు, ఆవపిండి ముందే వేరువేరు గిన్నెల్లో కొలిచి పెట్టండి. వేసిన గిన్నె వేసినట్టే బోర్లించమనండి. స్టవ్ దగ్గర మాత్రం ఎవరో ఒకరు ఉండండి.