విశాఖ సమస్యాపూరణం: ‘ఏడు రెట్లు చేయ నేక మయ్యె’

నిర్వాహకుడు, పెదవాల్తేరు:
ఈ పాదంతో ముగిసేలా పద్యం పూరించాలి. ఇది ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే (గురువు, లఘువు లేదా మూడు లఘువులు), ఏ–నే యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి). పూరణలో 142857 ధ్వనించాలి.

సీతమ్మధార సభ్యురాలు:
నగశిలీముఖేభనయనవేదేందులు
వామగతిని కూర్ప వచ్చు సంఖ్య
అంకె లాఱు చోట్ల నన్నియుఁ దొమ్మిదై
ఏడు రెట్లు చేయ నేక మయ్యె

గాజువాక సభ్యుడు:
భలే పట్టారమ్మా! వస్తువుల పేర్లతో అంకెలు చెప్పే పద్ధతిలో నగం 7, శిలీముఖం (బాణం) 5, ఇభం (ఏనుగు) 8, నయనం 2, వేదం 4, ఇందువు 1. కుడి నుంచి ఎడమకు పేరిస్తే 142857, ఏడు రెట్లు 999999, అంకెలన్నీ ఏకమే. ‘అంకానాం వామతో గతిః’ (అంకెల నడక ఎడమకు) మరిచి ఎడమ నుంచి చదివితే 758241 వస్తుంది, లెక్క చెడుతుంది. ఇంకొక జాగ్రత్త: నగ అంటే కొండ, 7. దీర్ఘం పడి నాగ అయితే 8. సంఖ్య 142858 అయి, ఏడు రెట్లు 1000006. అయితే ‘నాగశి’ భగణం (గురువు, రెండు లఘువులు), సూర్యగణం కాదు. తప్పు చదివితే ఛందస్సే పట్టిస్తుంది.

మర్రిపాలెం సభ్యుడు:
నా మొదటి పాదం చూడండి: ఒకటి నాల్గు రెండు ఎనిమిది యైదేడు

నిర్వాహకుడు:
గణాలు కుదిరినట్టే ఉన్నా రెండు దోషాలున్నాయండీ. ఉకారం మీద అచ్చు వస్తే ఉత్వసంధి నిత్యం కాబట్టి ‘రెండెనిమిది’ అవుతుంది, గణం విరుగుతుంది. ఒ–ఎ యతి చెల్లదు.

ఎం.వి.పి. కాలనీ సభ్యుడు:
అంత మనుట లేని యట్టి దశాంశంబు
మరల మరల వచ్చు మార్పు లేక
సున్న పిదప చుక్క సొరిది నంకెలు రాఁగ
ఏడు రెట్లు చేయ నేక మయ్యె

గాజువాక సభ్యుడు:
సంఖ్య పేరు ఎక్కడుందండీ? 1/3 కూడా తిరిగే దశాంశమే కదా.

ఎం.వి.పి. కాలనీ సభ్యుడు:
ఏడు రెట్లు చేస్తే ఒకటయ్యేది 1/7 ఒక్కటే, సమస్యాపాదమే దాన్ని చెబుతోంది. భాగించి చూడండి: 10లో 7 ఒకసారి, శేషం 3, 30లో 4, శేషం 2, 20లో 2, శేషం 6, 60లో 8, శేషం 4, 40లో 5, శేషం 5, 50లో 7, శేషం 1. మొదలుపెట్టిన 1 మళ్ళీ వచ్చింది, ఇక అదే చక్రం. 1 నుంచి 6 దాకా శేషాలన్నీ ఒక్కో మారు వచ్చాయి కాబట్టే, 2/7 అంటే అదే చక్రాన్ని శేషం 2 దగ్గర అందుకోవడం: 285714.

సీతమ్మధార సభ్యురాలు:
‘అంత మనుట లేని’ అన్న మాటే ఈ పద్యానికి ప్రాణం. ఆరంకెల దగ్గర ఆపేస్తే 0.999999 మాత్రమే, ఒకటికి పది లక్షల్లో ఒక వంతు తక్కువ. ఆ మాట తీసేస్తే పూరణ అబద్ధమవుతుంది. మూడో పాదం రెండో పాదానికి ముందుంటే అన్వయం ఇంకా సాఫీగా సాగేది. యతులు ఏ పాదానికాపాదమే, జరిపినా చెడవు; గణాలు మాత్రం బేసి పాదానికీ సరి పాదానికీ వేరు, తిరగరాయాలి.

నిర్వాహకుడు:
రెండు పూరణలూ నిలిచాయి. వచ్చే వారానికి, ఇదే సంఖ్య మీద: ‘మూడు రెట్లు చేయ ముందు వెనుక’.