హెడ్‌మాస్టర్ అయ్యే ముందు ఏ కోర్సు చేస్తే మంచిది?

నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంట్‌ని. హెచ్‌ఎం ప్రమోషన్‌కు కావలసిన డిపార్ట్‌మెంటల్ టెస్టులు (88, 97, 141 పేపర్లు) పాసయ్యాను. వాటితో సర్వీస్ రూల్స్, బిల్లుల సంగతి తెలిసింది. కానీ తోటి టీచర్ పాఠం చూసి, నొచ్చుకోకుండా లోపం ఎలా చెప్పాలి? ఆరో తరగతికి వచ్చినా చదవడం రాని పిల్లల కోసం స్టాఫంతటినీ ఎలా కలుపుకుపోవాలి? నా టెన్షనంతా ఇదే.

ఇగ్నోలో విద్యా నిర్వహణ, పాలన మీద ఉన్న పీజీ డిప్లొమా చేద్దామనుకుంటున్నాను. ఉద్యోగం చేస్తూ అది పూర్తిచేసినవాళ్లు ఉన్నారా? బడిలో నిజంగా పనికొచ్చిందా? లేక ఢిల్లీలోని నీపా (జాతీయ విద్యా ప్రణాళిక, పాలన సంస్థ) వారి ఆన్‌లైన్ స్కూల్ లీడర్‌షిప్ కోర్సు సరిపోతుందా? ఎంఈడీ చేయమని కొందరంటున్నారు గానీ, అది బీఈడీ కాలేజీల్లో చెప్పాలనుకునేవాళ్లకే ఎక్కువ ఉపయోగమని నాకనిపిస్తుంది. హెచ్‌ఎంలుగా ఉన్న పెద్దలు, మొదటి ఏడాది ఏది తెలియక ఇబ్బందిపడ్డారో కూడా దయచేసి చెప్పండి.